ఒంట్లో ఇనుము పేరుకుపోకుండా ఐరన్ మాత్రలు ఎలా వాడాలి?

అవసరానికి మించిన రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి పేగులోకి వదిలేస్తుంది. మాంగనీసు కూడా చాలావరకు ఆ దారినే పోతుంది. ఇనుము సంగతి వేరు. అదనంగా చేరిన ఇనుమును పనిగట్టుకుని బయటికి పంపే ఏర్పాటు మన శరీరంలో లేదు. పెద్దవారి ఒంట్లో 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. రాలిపోయే చర్మకణాలతో, పేగు కణాలతో రోజుకు పోయేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. నెలసరి ఉన్నవారిలో మరికొంత పోతుంది. అందుకే జాగ్రత్త పడవలసింది మాత్ర మింగక ముందే.

మొదట రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ తగ్గిందని మాత్రమే చూసి మాత్రలు మొదలుపెట్టడం తొందరపాటు, ఎందుకంటే తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధిలోనూ అది తగ్గుతుంది, అక్కడ ఇనుము నిల్వలు నిండుగా ఉండవచ్చు. నిల్వను తెలిపేది, కణాల్లో ఇనుమును దాచి ఉంచే ఫెరిటిన్ అనే ప్రొటీన్ పరీక్ష. అయితే ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం ఇనుముతో నిండి ఉందో చెప్పే లెక్క) కూడా చూడాలి. అది 45 శాతం దాటితే ఇనుము పేరుకుంటోందేమోనని అనుమానించాలి.

తరువాత డబ్బా మీది చిన్న అక్షరాలు చదవండి. ఫెరస్ సల్ఫేట్ 325 మి.గ్రా. అని రాసి ఉన్న మాత్రలో అసలు ఇనుము సుమారు 65 మి.గ్రా. లెక్కలోకి తీసుకోవలసింది ఈ రెండో అంకెనే. మల్టీవిటమిన్ కూడా వాడుతుంటే అందులోని ఇనుమునూ దీనికి కలపాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

ఇక ఎన్ని రోజులకొకసారి వేసుకోవాలో వైద్యుణ్ణి అడగండి. ఒక మాత్ర పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. దానితో పేగు కణం రక్తం వైపున్న తన తలుపును చాలావరకు మూసేస్తుంది. లోపలే ఫెరిటిన్‌లో చిక్కుకున్న ఇనుము, కొద్ది రోజుల్లో ఆ కణం రాలినప్పుడు దానితో పాటే మలంలో కలిసిపోతుంది. ఈ ప్రభావం దాదాపు ఒక రోజు ఉంటుంది కనుక, రోజు విడిచి రోజు వేసుకుంటే కొందరికి మేలు. అలాగని మోతాదు పెంచితే కుదరదు: మోతాదు మరీ ఎక్కువైతే ఈ కట్టడి చాలదు.

వైద్యుడు చెప్పిన గడువు ముగియగానే ఫెరిటిన్ మళ్లీ చూపించుకోండి. ఒంట్లో ఇనుము అతిగా పేరుకుపోయే, వంశపారంపర్యంగా వచ్చే హీమోక్రొమటోసిస్ అనే జబ్బు బయటపడితే మాత్రలు ఆపేసి, వైద్యులు విడతలుగా రక్తం తీస్తారు, 500 మి.లీ. రక్తంతో 200 నుంచి 250 మి.గ్రా. ఇనుము పోతుంది. పదేపదే రక్తం ఎక్కించుకునేవారికి ఇది సాధ్యం కాదు, వారికి ఇనుమును పట్టుకుని బయటికి తీసుకుపోయే మందులు ఇస్తారు.

డబ్బాను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పెద్దల మాత్రలు గుప్పెడు మింగినా చిన్నపిల్లల ప్రాణానికి ముప్పు. అలా జరిగితే వాంతి కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.