డెత్ సర్టిఫికెట్, పాత మరణ రికార్డులు: వరంగల్ చుట్టుపక్కల ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

ఇంట్లో మనిషి పోయినప్పుడు కాగితాల ఊసెత్తడానికి ఎవరికీ నోరు రాదు. "దినాలు కానియ్యి, తర్వాత చూద్దాం" అంటారు. కానీ మరణాన్ని నమోదు చేయించడానికి చట్టం ఇచ్చిన గడువు 21 రోజులే. దినాలు అయ్యేసరికి అందులో సగానికి పైగా గడిచిపోతుంది. అందుకని దగ్గరి చుట్టాల్లో కాస్త నిబ్బరంగా ఉన్నవాళ్లు ఒకరు, అల్లుడో, తమ్ముడి కొడుకో, మొదటి వారంలోనే ఈ పని తన మీద వేసుకోవాలి. భర్తను పోగొట్టుకున్న ఆమెను ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

ఆ ఒక్క కాగితం మీద ఆధారపడేవి చాలా ఉన్నాయి. రైతుబీమా కింద వచ్చే 5 లక్షలు, ఎల్ఐసీ క్లెయిమ్, బ్యాంకు ఖాతాలోని డబ్బు, వితంతు పింఛను, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, భూమి ఫౌతి చేయించుకుని వారసుల పేరు మీద పాసుబుక్ తెచ్చుకోవడం, అన్నింటికీ ముందు అడిగేది ఇదే.

ఎక్కడ నమోదు చేయించాలి

ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు. పోయినాయన సొంతూరు ఏది, ఆధార్‌లో ఏ అడ్రస్ ఉంది అన్నది లెక్కలోకి రాదు. ప్రాణం ఎక్కడ పోయిందో ఆ ప్రాంతం జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గరే నమోదు కావాలి. పరకాల పక్క పల్లెటూరి మనిషి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పోతే రికార్డు గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌లో ఉంటుంది, ఊరి పంచాయతీలో ఉండదు. హైదరాబాద్ నిమ్స్‌లో పోతే హైదరాబాద్‌లోనే. ఊళ్లో ఇంటి దగ్గర పోతే గ్రామ పంచాయతీ కార్యదర్శిని కలవాలి. అంత్యక్రియలు ఊరి వైకుంఠధామంలో జరిగాయి కాబట్టి రికార్డు కూడా ఊళ్లోనే ఉంటుందని అనుకోవద్దు.

ఆసుపత్రిలో పోతే సమాచారం పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో పోతే కుటుంబ పెద్దది, ఆయన లేకపోతే దగ్గరి బంధువుది. ఆసుపత్రి వాళ్లు పంపిస్తారులే అని ఊరుకోకుండా, డిశ్చార్జ్ కాగితాలు తీసుకునేటప్పుడే "డెత్ రిపోర్టు కార్పొరేషన్‌కు పంపారా, ఏ పేరుతో పంపారు?" అని అడగండి. మరణ కారణం రాసిన మెడికల్ సర్టిఫికెట్ కాపీ కూడా అప్పుడే తీసుకోండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించాక ఆ కాపీని దగ్గరి బంధువుకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. దీని అవసరం తర్వాత తెలుస్తుంది. రిజిస్ట్రార్ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు, బీమా కంపెనీ మాత్రం కారణం అడుగుతుంది.

యాక్సిడెంట్, ఆత్మహత్య, పాముకాటు లాంటి కేసుల్లో పోలీసు ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు కూడా జాగ్రత్త చేసుకోవాలి.

పేరు దగ్గరే అంతా ఉంది

నన్నడిగితే ఈ పని మొత్తంలో అన్నింటికన్నా ముఖ్యమైనది రిపోర్టు ఫారంలో పేరు రాసే ఆ రెండు నిమిషాలు. మన వైపు ఒకే మనిషిని ఊళ్లో రాజన్న అంటారు, రేషన్ కార్డులో రాజయ్య అని ఉంటుంది, పాసుబుక్‌లో రాజలింగం. ఆసుపత్రిలో చేర్పించిన కుర్రాడు కంగారులో ఏ పేరు చెప్పాడో ఎవరికీ గుర్తుండదు. చివరికి సర్టిఫికెట్‌లో ఆ పేరే వస్తుంది. అప్పుడు బ్యాంకు వాళ్లు "ఈ మనిషి వేరు, ఆ మనిషి వేరు" అంటారు. ఏళ్ల తరబడి నలిగిపోయే కుటుంబాల్లో చాలావరకు కథ ఇక్కడే మొదలవుతుంది.

అందుకే పోయినవారి ఆధార్ ముందు పెట్టుకుని, ఇంటిపేరు ముందా వెనకా అనేదానితో సహా, ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూడండి. తండ్రి లేదా భర్త పేరు, తల్లి పేరు, వయసు, మరణించిన తేదీ, చోటు కూడా చూడండి. అర్ధరాత్రి దాటాక పోయినవారి విషయంలో తేదీ ఒక రోజు అటూ ఇటూ పడుతుంటుంది. అన్నీ చూశాకే సంతకం పెట్టండి. తప్పు పడిపోయాక కూడా రిజిస్ట్రార్ దగ్గర సవరణకు వీలుంది, చట్టంలోని 15వ సెక్షన్ దానికోసమే. కానీ అప్పుడు ఆధారాలు పట్టుకుని మళ్లీ తిరగాలి.

నమోదు పూర్తయ్యాక ఏడు రోజుల్లోగా, సమాచారం ఇచ్చినవారికి మొదటి సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలి. తర్వాత ఎన్ని కాపీలు కావాలన్నా మీసేవలో రుసుము కట్టి తీసుకోవచ్చు. పేరు, తేదీ, చోటు చెప్తే రికార్డు వెతికి ప్రింట్ ఇస్తారు. మీసేవలో "రికార్డు లేదు" అంటే సాధారణంగా రెండే కారణాలు. ఒకటి, అసలు నమోదే కాలేదు. రెండు, పేరు ఇంకోలా పడింది. కాబట్టి పేరుతో దొరకకపోతే తేదీతో, ఆసుపత్రి పేరుతో వెతికించండి.

గడువు దాటితే

21 రోజులు దాటి 30 రోజుల లోపు అయితే ఆలస్య రుసుముతో రిజిస్ట్రారే నమోదు చేస్తారు. 30 రోజులు దాటి ఏడాది లోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి, వాడుకలో చెప్పాలంటే ఆర్డీఓ ఆఫీసు పని. 2023 సవరణకు ముందు చట్టం ప్రకారం ఇది కోర్టు మెజిస్ట్రేట్ దాకా వెళ్లేది. ఇప్పుడు కలెక్టర్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ స్థాయిలోనే అవుతుంది.

ఆర్డీఓకు దరఖాస్తు పెట్టే ముందు రిజిస్ట్రార్ దగ్గర "మా రికార్డులో ఈ మరణం లేదు" అని రాసిచ్చే పత్రం తీసుకోవాలి. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానికి అఫిడవిట్, పోయినవారి ఆధార్ లేదా రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు, విషయం తెలిసిన ఇరుగుపొరుగు వాంగ్మూలాలు జత చేస్తే తహసీల్దార్ ద్వారా విచారణ జరుగుతుంది.

తాతల నాటి రికార్డులు, పేపరు ప్రకటనలు

భూమి తగాదాల్లో ముప్పై, నలభై ఏళ్ల కింద పోయిన తాత సర్టిఫికెట్ కావాల్సి వస్తుంది. 1980ల నడిమి దాకా ఊరి లెక్కలు పటేల్ పట్వారీల చేతిలో ఉండేవి. మండలాలు వచ్చింది 1985లో, 2016లో జిల్లాలూ మండలాలూ మళ్లీ మారాయి. కాబట్టి పంచాయతీలో లేదంటే తహసీల్ ఆఫీసులో, అదీ ఊరు అప్పట్లో ఏ మండలం కింద ఉందో అక్కడ అడగాలి. మడికొండ, హసన్‌పర్తి లాంటి విలీన గ్రామాల వాళ్లు కార్పొరేషన్‌లోనూ అడగాలి. నిజాం కాలం కాగితాలు చాలావరకు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది.

తేదీ తెలియదంటే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లకు తేదీ గుర్తుండదు కానీ ఏటా పెట్టే తద్దినం తిథి గుర్తుంటుంది. "సమ్మక్క జాతర అయిన నెలకు పోయిండు" అంటే వెతకాల్సిన సంవత్సరాలు సగానికి తగ్గినట్టే, మేడారం జాతర రెండేళ్లకోసారే కదా. ఆ ఏటి పంచాంగంలో తిథి చూస్తే తేదీ తేలుతుంది.

సంతాప ప్రకటన, శ్రద్ధాంజలి లాంటివి ఏ ప్రభుత్వ ఆఫీసూ ఇవ్వదు. అవి పేపర్లలో ఉంటాయి. ఈమధ్యవి అయితే పేపరు జిల్లా ఎడిషన్ ఆఫీసులో అడగాలి. పాతవి అయితే జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ, హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి చోట్లా విచారించండి. క్రైస్తవ కుటుంబాలకైతే చర్చి సమాధుల రిజిస్టర్ చాలా గట్టి ఆధారం. వీటిలో ఏదీ డెత్ సర్టిఫికెట్‌కు బదులు కాదు. కానీ ఆలస్యపు నమోదులో తేదీని నిలబెట్టడానికి పనికొస్తాయి.

గల్ఫ్‌లో పోయినవారు

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇది ప్రతి ఊరి బాధ. దుబాయ్‌లోనో సౌదీలోనో పోయినవారి మరణాన్ని నమోదు చేయడానికి ఊరి పంచాయతీకి వీల్లేదు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. శవపేటికతో పాటు వచ్చే కాగితాల్లో అరబ్బీ సర్టిఫికెట్, దాని ఇంగ్లిష్ అనువాదం, ఎంబసీ పత్రం ఉన్నాయో లేదో ఎయిర్‌పోర్టులోనే చూసుకోండి. ఊరికి వచ్చేశాక లేనివి తెప్పించుకోవడం చాలా కష్టం.

పని ఆగితే

కారణం చెప్పకుండా తిప్పుతుంటే దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. రిజిస్ట్రార్ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 90 రోజుల్లో తేల్చాలి. ఫైలు ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.