నార్వేజియన్‌లో చివరి ‘స్’ కనిపిస్తే

నార్వేజియన్ నేర్చుకుంటున్నారా? ‘సెల్గె’ అంటే అమ్మడం. చివర ‘స్’ తగిలించి ‘సెల్గెస్’ అంటే మన పాత బోర్డుల మీద ఉండే ‘అమ్మబడును’! ప్రకటనల్లో అదే కనిపిస్తుంది. కానీ ‘బడును’ అని అన్నిచోట్లా అనువదించకండి. ఆహారం ప్యాకెట్ మీద ‘ఒప్‌బెవారెస్ శ్యోలి’ అని ఉంటే, చల్లగా ఉంచాలని సూచన. తలుపు మీద ‘మో హొల్లెస్ లుక్కెత్’ అంటే మూసే ఉంచాలని. ఇలా నియమాలకు, ‘మో’ (‘తప్పక చేయాలి’) లాంటి సహాయక క్రియల తర్వాత ఈ రూపం బాగా నప్పుతుంది.

నిన్న జరిగిపోయిన పనికి మాత్రం ‘స్’ బదులు ‘బ్లే’ వాడండి: ‘బీలెన్ బ్లే సొల్త్ ఇ గోర్’, కారు నిన్న అమ్ముడుపోయింది. అన్నట్టు, చివర ‘స్’ ఉన్నా ‘ఫిన్నెస్’ అంటే చాలాసార్లు ఉత్త ‘ఉంది’ అనే.