శెనక్కాయలో కరువు జన్యువును బ్లాస్ట్‌తో వెతకడం ఎలా?

అనంతపురంలో బయోఇన్ఫర్మాటిక్స్ ప్రాజెక్టు అనగానే పిల్లలు శెనక్కాయ, కరువు అంటూ వస్తారు. టాపిక్ మంచిదే. కానీ ఏటా అదే తప్పు. బ్లాస్ట్ (ఒక సీక్వెన్స్‌కు, అంటే అక్షరాల వరుసకు, పోలికున్నవాటిని డేటాబేస్‌లో వెతికే ప్రోగ్రాం) ఇచ్చిన రిజల్టులో మొదటి లైను కాపీ కొట్టి "జన్యువు దొరికింది" అని రాసేస్తారు.

ల్యాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. ఆవాల కుటుంబపు మొక్క అరబిడాప్సిస్‌లో డ్రెబ్2ఏ అనే ప్రోటీన్ ఉంది. నీటి ఎద్దడిలో చాలా జన్యువులను పనిలోకి దింపేది అదే. దాని సీక్వెన్స్‌ను యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్ నుంచి ఫాస్టా అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో తీసుకుని, ఎన్‌సీబీఐ వెబ్‌సైటులోని బ్లాస్ట్‌పీలో (ప్రోటీన్‌ను ప్రోటీన్లతో పోల్చే బ్లాస్ట్) పేస్ట్ చేయండి. ఆర్గానిజం గడిలో శెనక్కాయ శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా అని పెట్టి నొక్కండి. డీఎన్ఏతో వెతకొద్దు, ప్రోటీన్‌తోనే వెతకాలి. కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్ఏ అక్షరాలు) మూడో అక్షరం మారినా అమైనో ఆమ్లం చాలాసార్లు మారదు, కాబట్టి దూరపు చుట్టరికం ప్రోటీన్‌లోనే బయటపడుతుంది. దీనికి ముందు లైనక్స్ నేర్చుకో అనే సీనియర్ల మాట పట్టించుకోకండి. పది సీక్వెన్సులకు వెబ్‌సైటు చాలు.

రిజల్టు వచ్చాక మాత్రం చెయ్యి ఆపండి. ఈ-వాల్యూ (ఇలాంటి పోలికలు యాదృచ్ఛికంగా ఎన్ని రావచ్చో చెప్పే అంకె) చాలా చిన్నదని సంబరపడొద్దు. డ్రెబ్2ఏ పొడవు 335 అమైనో ఆమ్లాలు. అందులో ఏపీ2 అనే ముక్క దాదాపు 60. అరబిడాప్సిస్‌లోనే ఈ ముక్క ఉన్న ప్రోటీన్లు 140కి పైగా ఉన్నాయి. అలైన్‌మెంట్ బొమ్మ తెరిచి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కలిసిందో చూడండి. ఆ 60 దగ్గరే కలిస్తే అది ఏపీ2 కుటుంబంలోది, అంతే. ముక్కు కలిసినంత మాత్రాన అన్నదమ్ములైపోరు.

అందుకే వెనక్కి వెతకాలి. దొరికిన శెనక్కాయ ప్రోటీన్‌ను మళ్లీ అరబిడాప్సిస్ మీద బ్లాస్ట్ చేయండి. పైన డ్రెబ్2ఏ కాకుండా వేరే కుటుంబ సభ్యుడు వస్తే దాన్ని పక్కన పెట్టండి. ఈ పనికి పది నిమిషాలు పట్టదు, అయినా ఎవరూ చేయరు.

ఇంకో గుంత ఉంది. శెనక్కాయ రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట, 40 క్రోమోజోములు. ఒక జాతి నుంచి వచ్చిన సగాన్ని ఏ జీనోమ్, రెండోదాని సగాన్ని బీ జీనోమ్ అంటారు. ఒకే జన్యువు మామూలుగా రెండు చోట్ల, అంటే 3వ క్రోమోజోములో ఒకటి, 13వ దానిలో ఒకటి అన్నట్టు కనిపిస్తుంది. నా ప్రాజెక్టులో రెండోదాన్ని డూప్లికేట్ అనుకుని కొట్టేశాను. వైవాలో "బీ జీనోమ్ కాపీ ఏదమ్మా?" అని అడిగితే నోట మాట రాలేదు. రెండూ ఉంచండి.

చివరగా యాక్సెషన్ నంబర్లు (డేటాబేస్‌లో ఒక్కో సీక్వెన్స్‌కు ఉండే గుర్తింపు నంబర్లు), డేటాబేస్ పేరు, వెతికిన తేదీ నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. డేటాబేస్ పెరిగితే ఈ-వాల్యూ కూడా మారుతుంది. తేదీ లేని టేబుల్ నా దగ్గరికి తెస్తే తిప్పి పంపేస్తాను.