పాత జీపు బ్రేకులు – మూడవ పాఠం: బిగుసుకుపోయిన డ్రమ్మును ఊడదీయడం

గత పాఠంలో చక్రాన్ని విప్పి, వెనుక బ్రేకులోని భాగాలను గుర్తించడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో చక్రంతో పాటు తిరుగుతూ ఆ భాగాలను కప్పి ఉంచే డ్రమ్మును బయటికి తీయాలి. సాధారణంగా అందరి చేయీ ముందు సుత్తి మీదికే పోతుంది. అయితే బ్రేకు డ్రమ్ము పోత ఇనుముతో తయారవుతుంది. అది దెబ్బకు వంగదు, పగులుతుంది. కాబట్టి డ్రమ్మును పట్టి ఉంచినది ఏదో తేల్చుకున్న తరువాతనే పనిముట్టును ఎంచుకోవాలి.

ముందుగా భద్రత. విల్లీస్ నమూనాపై వచ్చిన పాత మహీంద్రా జీపులలో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలపై కాక, ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉండే వేరొక చిన్న డ్రమ్ముపై పనిచేస్తుంది. అందువల్ల ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపగానే ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఆ చక్రాన్ని ఒకవైపు తిరగనిచ్చి, నేలపై ఉన్న రెండవ చక్రాన్ని మరొకవైపు దొర్లనిస్తుంది. హ్యాండ్‌బ్రేకు ఎంత గట్టిగా లాగి ఉన్నా బండి కదిలి జాకీపై నుంచి జారగలదు. నేలపై ఉన్న మూడు చక్రాలకూ ముందూ వెనుకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, ఇరుసు కింద స్టాండు నిలిపిన తరువాతనే మిగతా పని.

ఇప్పుడు గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదలి, డ్రమ్మును రెండు చేతులతో తిప్పి చూడండి. అది తేలికగా తిరుగుతూ, లాగితే మాత్రం రాకపోతే, డ్రమ్మూ చక్రమూ బిగించే నడిమి భాగమైన హబ్బు వద్ద తుప్పు పట్టిందని అర్థం. కొద్దిగా ముందుకు వచ్చి ఆగిపోతే షూలు, అంటే డ్రమ్ము లోపలి గోడను ఒత్తి బండిని ఆపే వంపు పలకలు, అడ్డుపడుతున్నాయి. అసలు తిరగకపోతే షూలు డ్రమ్ముకు అంటుకుపోయి ఉండాలి, లేదా బ్రేకు నూనె ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లు బిగుసుకుపోయి ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తింది. అటువంటి నీటిలో నిలిచి, ఆపై నెలల తరబడి కదలని బండిలో ఈ మూడవ స్థితినే ముందుగా అనుమానించాలి.

మొదటి స్థితి సులువైనది. డ్రమ్మును హబ్బుకు పట్టి ఉంచే చిన్న స్క్రూలుంటే వాటిని తీసి, హబ్బు చుట్టూ తుప్పును వదులుచేసే నూనె పోసి, వీలైతే ఒక రాత్రి నాననివ్వండి. మారుతీ జిప్సీ డ్రమ్ము ముఖంపై 8 మిల్లీమీటర్ల బోల్టులు పట్టే రెండు మరల రంధ్రాలుంటాయి. మరలలోని మట్టిని శుభ్రం చేసి, రెండు బోల్టులనూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము తనంతట తాను ముందుకు జరుగుతుంది. ఒకే బోల్టును పూర్తిగా బిగిస్తే డ్రమ్ము వాలి మరింత ఇరుక్కుంటుంది. రంధ్రాలు లేని డ్రమ్మయితే కంటికి అద్దాలు పెట్టుకుని, చక్రపు నట్లు పట్టే స్టడ్ల మధ్య చదునైన భాగంపై రాగి సుత్తితో చుట్టూ తిరుగుతూ తట్టాలి, అంచుపై కొట్టకూడదు.

రెండవ స్థితిలోనే ఎక్కువ డ్రమ్ములు పాడవుతాయి. ఏళ్ల తరబడి షూలపై అతికి ఉండే లైనింగ్ రాపిడికి డ్రమ్ము లోపల గాడి పడి, లోపలి అంచు వద్ద గట్టు మిగిలిపోతుంది. గాడిలో కూర్చున్న షూలు ఆ గట్టుకు తగిలి డ్రమ్మును బయటికి రానివ్వవు. ఇక్కడ బలం ఎంత పెంచినా షూలను నిలిపే పిన్నులు తెగుతాయేగాని ప్రయోజనం ఉండదు. షూలను మోసే బ్యాక్ ప్లేటు వెనుకనున్న అడ్జస్టర్లను తిప్పి షూలను లోపలికి దించడమే మార్గం. పాత జీపులలో ఇవి కామ్ రకానివి, అంటే తిప్పితే షూను నెట్టే వంకర బిళ్లలు. పానాతో ఒకవైపు తిప్పినప్పుడు రాపిడి పెరిగితే రెండవవైపు తిప్పాలి. మూడవ స్థితిలోనూ ఇదే చేసి, ఆపై సిలిండర్‌పై గాలినీ నూనెనూ వదలడానికి ఉన్న బ్లీడర్ నిపిల్‌ను వదులుచేస్తే లోపల నిలిచిపోయిన ఒత్తిడి విడుదలవుతుంది.

కొన్ని పాత జీపుల వెనుక ఇరుసు కొన వైపు సన్నబడే ఆకారంలో ఉండి, హబ్బూ డ్రమ్మూ కలిసి దానిపై బిగుసుకుని ఉంటాయి. వీటికి స్టడ్లకు బిగించి హబ్బును లాగే పనిముట్టు, అంటే పుల్లరే కావాలి. డ్రమ్ము అంచును పట్టే కాళ్ల పుల్లరు వాడితే డ్రమ్ము వంకరపోతుంది. ఇరుసు నట్టును పూర్తిగా తీయక కొన్ని మరలపై ఉంచండి, ఎందుకంటే హబ్బు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో ఊడివస్తుంది. సొంతానికి ఈ పుల్లరు కొనడం దండగ. ఆటోనగర్‌లో పరిచయమున్న మేస్త్రీని ఒక పూటకు అడిగి తెచ్చుకోవడం మేలు.

డ్రమ్ము వచ్చాక లోపలి ధూళిని గాలితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి. డ్రమ్ముపై గరిష్ఠ వ్యాసం ముద్రించి ఉంటే, గాడి వద్ద కొలిచి దానితో పోల్చండి. ఆ కొలత దాటిన డ్రమ్మును లేత్‌పై చెక్కించకుండా మార్చవలసిందే. డ్రమ్ము లేనప్పుడు బ్రేకు పెడల్‌ను ఎవరూ తొక్కకుండా చూడండి, తొక్కితే సిలిండర్ పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. ఆ సిలిండర్‌ను పద్ధతిగా విప్పడం నాలుగవ పాఠంలో.