క్లిప్పులున్న పళ్ళ శుభ్రత – 3వ పాఠం: బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య

కిందటి పాఠంలో తిన్న వెంటనే పుక్కిలించడం, మెత్తటి బ్రష్ ఎంచుకోవడం చూశాం. ఈ పాఠానికి చేతి అద్దం, ఒక ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉండే ఈ చిన్న బ్రష్ పెద్ద మందుల షాపుల్లో దొరుకుతుంది.

ముందు అద్దంలో చూడండి. పై పెదవి ఎత్తి పట్టుకుంటే, పన్ను మధ్యలో బ్రాకెట్ (పన్నుకి అంటించిన చిన్న బిళ్ళ, క్లిప్పుల తీగ దీని మీదుగానే పోతుంది), దాని కింద కొరికే అంచు, దాని పైన చిగురు దాకా సన్నటి ఖాళీ కనిపిస్తాయి. కొరికే అంచుకి నాలుకా పెదవీ తగులుతూ ఉంటాయి కాబట్టి కొంత దానంతటదే శుభ్రపడుతుంది. పై ఖాళీ అలా శుభ్రపడదు. మామూలుగా తోమినా బ్రష్ బ్రాకెట్ మీద నుంచి జారిపోతుందే గానీ అక్కడికి వెళ్ళదు. పాచి పేరుకునేది అక్కడే.

ఆ పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ ఆమ్లంగా మారుస్తాయి. దానికి పన్ను పైనుండే గట్టి పొర, ఎనామెల్‌లోని ఖనిజాలు కరిగిపోయి, సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చ పడుతుంది. సరిగ్గా తోమకపోతే ఇది నెల రోజుల్లోనే కనిపించవచ్చు. క్లిప్పులేమో చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్ళు ఉంటాయి. అన్నాళ్ళు ఓపిక పట్టి, అంత డబ్బు పోసి, తీరా తీసేసిన రోజున వరసైన పళ్ళ మీద బ్రాకెట్ల చుట్టూ తెల్ల చట్రాలు మిగిలితే ఎంత బాధ! ఆ మచ్చ తోమితే పోయేది కాదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు ముందునుంచే తెల్ల, గోధుమరంగు మచ్చలు ఉండొచ్చు. అవి వేరు. పన్ను పైకి రాకముందే, ఎనామెల్ తయారవుతున్నప్పుడే పడినవి. క్లిప్పులు వేయించుకునే ముందే పళ్ళ ఫోటో ఒకటి తీసి పెట్టుకుంటే, తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో తేలుతుంది. అక్కడ కొందరు ఫ్లోరైడ్ పేస్టంటే భయపడతారు. క్లిప్పులు వేసుకునే వయసు వచ్చేసరికి ముందరి పళ్ళ ఎనామెల్ ఏర్పడటం అయిపోయి ఉంటుంది. పేస్టుని మింగం, ఉమ్మేస్తాం. కాబట్టి వాడొచ్చు, వాడాలి కూడా.

ఇక పని. ముందు మీ మామూలు బ్రష్‌తో, పై పళ్ళతో మొదలుపెట్టండి. కుచ్చు సగం చిగురు మీద, సగం పన్ను మీద ఆనేలా, చిగురు వైపు 45 డిగ్రీలు వంచి పెట్టండి. గట్టిగా రుద్దకుండా, ఉన్నచోటే చిన్నగా కదపండి. రెండేసి పళ్ళకు పది అంకెలు లెక్కపెట్టండి. తర్వాత బ్రష్‌ని పై నుంచి కిందికి వంచి, కుచ్చు బ్రాకెట్ పై అంచునీ తీగ వెనకనీ తాకేలా కదపండి. ఆపైన కింది నుంచి పైకి వంచి అదే పని. కింది పళ్ళకు చిగురు కింద ఉంటుంది కాబట్టి వంపు తిరగబడుతుంది. మొదటి రెండు రోజులు చెయ్యి మొరాయిస్తుంది, అద్దం చూస్తూ చెయ్యండి. లోపలి వైపు, నమిలే వైపు మీకు తెలిసినట్టే.

ఇప్పుడు చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్. రెండు బ్రాకెట్ల మధ్య, తీగ వెనకగా పై నుంచి దింపండి. ఒకసారి ఎడమ బ్రాకెట్ పక్కకి, ఒకసారి కుడి బ్రాకెట్ పక్కకి ఆనించి నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడించండి. పట్టకపోతే తొయ్యొద్దు, ఒక సైజు తగ్గించండి. కుచ్చు నలిగిపోగానే మార్చెయ్యండి.

తోమడం అయ్యాక ఆ ఖాళీని టిష్యూతో అద్ది చూడండి. శుభ్రమైన పన్ను నిగనిగలాడుతుంది, బ్రాకెట్ అంచు స్పష్టంగా కనిపిస్తుంది. పాచి ఉంటే అంచు మసకగా, మెత్తగా ఉంటుంది. రబ్బరు రింగులు పచ్చబడితే మాత్రం కంగారు వద్దు, అది కూరల్లో పసుపు. రింగులు మార్చినప్పుడు పోతుంది.

రక్తం కనిపించగానే చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. దయచేసి మానకండి. పాచి వల్ల వాచిన చిగురు నుంచే చాలాసార్లు రక్తం వస్తుంది, ఆ పాచి పోతేనే తగ్గుతుంది. మెత్తగా, రోజూ తోమండి. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. వేపపుల్ల, బొగ్గుపొడి క్లిప్పులు ఉన్నన్నాళ్ళూ పక్కన పెట్టండి. పుల్ల తీగ వెనక్కి వెళ్ళదు, బ్రాకెట్‌ని ఊడదీసే ప్రమాదమూ ఉంది; బొగ్గు ఎనామెల్‌ని అరగదీస్తుంది.

ఈ వారం సాధన: రాత్రి పడుకోబోయే ముందు ఈ పద్ధతంతా ఒక్కసారి, తొందర లేకుండా. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పాచిని రాత్రికి ఉంచకూడదు. చివర్లో పేస్టు ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పుక్కిలించొద్దు. ఆ ఫ్లోరైడ్‌ని కాసేపు పళ్ళ మీద ఉండనివ్వండి.

వచ్చే పాఠంలో తీగ వెనక నుంచి ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నటి దారం) ఎక్కించడం నేర్చుకుందాం. ఆ దారాన్ని తీగ వెనక దూర్చే ఫ్లాస్ థ్రెడర్ల ప్యాకెట్ ఒకటి తెచ్చిపెట్టుకోండి.