ఫిడిక్ కాంట్రాక్టుపై తొలిసారి సంతకం చేస్తున్నారా? ముందు నోటీసు సంగతి చూడండి

గత నెల పాత పరిచయస్థుడు ఒకాయన ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వంతెన పని, ఫిడిక్ (సలహా ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా కాంట్రాక్టు. పునాది తవ్వుతుంటే నేల పరీక్షల నివేదికలో ఎక్కడా లేని రాతిపొర తగిలింది. ఇంజినీరు (యజమాని నియమించిన, కాంట్రాక్టు నడిపే మనిషి) స్వయంగా వచ్చి గోతిలోకి తొంగి చూసి, "ఇది ఎవరూ ఊహించనిదే" అన్నాడట. వారపు సమావేశంలో చర్చ జరిగింది. ఫొటోలు ఉన్నాయి, ఫోన్లు నడిచాయి. క్లెయిమ్ ఉత్తరం మాత్రం 41వ రోజున వెళ్లింది. జవాబు రెండే వాక్యాలు: 28 రోజుల్లోగా నోటీసు అందలేదు, అదనపు సొమ్ముకూ గడువు పొడిగింపుకూ అర్హత లేదు. గోతిలో రాయి ఉందన్న సంగతిని ఎవరూ కాదనలేదు. డబ్బు మాత్రం పోయింది.

ఇలాంటి ఫైలు నాకు ఇది మొదటిది కాదు. అందుకే, అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టులు ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న చోట టెండరు వేయబోయేవారి కోసం ఈ నాలుగు మాటలు. శ్రద్ధగా చదవండి, లాయరును కలవండి లాంటివి రాయను. అవి మీకు తెలిసినవే.

ఏ పుస్తకం, ఏ సంవత్సరం

"ఫిడిక్ కాంట్రాక్టు" అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. ఈ నమూనాలను అట్ట రంగు పేరుతో పిలుస్తారు. 1957లో తొలిసారి వచ్చిన రెడ్ బుక్ యజమాని డిజైన్ ఇచ్చే పనులకు. ఎల్లో బుక్‌లో డిజైన్ మీది. సిల్వర్ బుక్ అయితే నేల అడుగున ఏముందో అన్న రిస్కు కూడా దాదాపు మొత్తం మీ నెత్తినే. రెడ్ బుక్ ధర వేసి సిల్వర్ బుక్ మీద సంతకం పెట్టినవారిని చూశాను. సంవత్సరమూ ముఖ్యమే. వివరమైన క్లెయిమ్ సమర్పించడానికి 1999 కూర్పులో 42 రోజులు, 2017 కూర్పులో 84. నోటీసుకు రెండింటిలోనూ 28 రోజులే.

ప్రత్యేక షరతులు

అచ్చు పుస్తకంలోని సాధారణ షరతుల కంటే, వెనక జతచేసిన ప్రత్యేక షరతులదే పైచేయి. చదవడం అక్కడి నుంచి మొదలుపెట్టండి. రిస్కుల పంపకాన్ని ఈ మార్పులతో తలకిందులు చేయవద్దని ఫిడిక్ 2019లో ఐదు సూత్రాలు ప్రకటించింది. అయినా కొత్త మార్కెట్లలో జరిగేది ఇదీ: వివాద పరిష్కార బోర్డును కొట్టేస్తారు, ఆలస్యపు చెల్లింపుపై వడ్డీని కొట్టేస్తారు, ఇంజినీరు ప్రతి నిర్ణయానికీ యజమాని అనుమతి కావాలంటారు. కాంట్రాక్టరును కాపాడే పేజీలన్నీ పోతాయి. 28 రోజుల గడువు మాత్రం చెక్కుచెదరదు. ఒక్కోసారి అది 14 అవుతుంది కూడా.

మళ్లీ టైపు చేసిన సాధారణ షరతులను నమ్మవద్దు. అసలు పుస్తకం కొని పక్కన పెట్టుకుని, క్లెయిముల గురించిన 20వ క్లాజును వాక్యం వాక్యం పోల్చండి.

అందరినీ ముంచే తప్పు

"చెప్పాం కదా" అనుకోవడమే ఆ తప్పు.

పాత స్థానిక కాంట్రాక్టుల్లో పని ముగిశాక అన్నీ కలిపి ఒక పెద్ద క్లెయిమ్ వేసి, కూర్చుని మాట్లాడుకుని, ఎంతో కొంతకు తేల్చుకునే అలవాటు ఉండేది. మధ్యలో ఉత్తరం రాస్తే అది తగవు పెట్టుకోవడం కింద లెక్క. ఈ పుస్తకంలో ఉత్తరం రాయడం తగవు కాదు, దినచర్య. మంచి ఇంజినీరు నొచ్చుకోడు. నొచ్చుకునే ఇంజినీరు మీ మౌనానికి రేపు డబ్బు ఇవ్వడు.

రెండో సాకు "లెక్క తేలాక పంపుదాం". నోటీసుకు లెక్క అక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పుడు తెలిసింది, ఏ క్లాజు కింద అదనపు సమయమో సొమ్మో కోరబోతున్నాం: నాలుగు వాక్యాలు చాలు. రూపాయల సంగతి వివరమైన క్లెయిమ్‌లో.

రోజుల లెక్క మీకు తెలిసిన నాటి నుంచే కాదు, తెలిసి ఉండాల్సిన నాటి నుంచి కూడా మొదలవుతుంది. జిబ్రాల్టర్ విమానాశ్రయం కింది సొరంగం కేసులో 2014లో ఇంగ్లండ్ హైకోర్టు ఈ షరతును ఉదారంగానే చదివింది. పని నిజంగా ఆలస్యమవడం మొదలైనప్పటి నుంచి కూడా లెక్కించవచ్చంది. నోటీసు లేకపోయినా ఫరవాలేదని మాత్రం అనలేదు. కొన్ని దేశాల చట్టాలు ఇలాంటి గడువును పూర్తిగా ఒప్పుకోవన్నదీ నిజమే. అది చివరికి కోర్టులో చేసే వాదన. దాన్ని నమ్ముకుని ఈ రోజు ఉత్తరం మానకండి.

సమావేశపు మినిట్స్ నోటీసు కాదు. ఫోను సందేశం నోటీసు కాదు. నెలవారీ నివేదికలో ఒక పేరా నోటీసు కాదు. 2017 కూర్పు ప్రకారం ఉత్తరం మీద "నోటీసు" అని ఉండాలి.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో:

కాంట్రాక్టులో రాసిన చిరునామాకే పంపండి. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

28వ రోజు కాదు, మీ ఆఫీసులో 7వ రోజే గడువు అనుకోండి.

నోటీసుల బాధ్యత ఒకే మనిషికి అప్పగించండి. అతను సైటులోనే ఉండాలి.

ఉప కాంట్రాక్టరుకు మీ కంటే తక్కువ గడువు పెట్టండి. అతను 27వ రోజు చెబితే మీకు మిగిలేది ఒక్క రోజు.

ఇంజినీరు నోటిమాటగా పని చెబితే 1999 కూర్పు కింద రెండు పనిదినాల్లో కాగితంపై ధ్రువీకరించండి. అతను మరో రెండు పనిదినాల్లో కాదనకపోతే అదే రాతపూర్వక ఆదేశం.

బిల్లు రాలేదని చెప్పాపెట్టకుండా పని ఆపకండి. ముందు 21 రోజుల నోటీసు. లేకపోతే తప్పు మీదవుతుంది.

వివాద బోర్డును పని మొదట్లోనే నియమించమని అడగండి. తగవు వచ్చాక ఎవరూ ఒప్పుకోరు.

ఇంజినీరు నిర్ణయం నచ్చలేదా? దానికీ 2017 కూర్పులో 28 రోజులే. అసంతృప్తి నోటీసు పంపకపోతే అదే తుది మాట.

యజమానులూ వినండి: 2017 కూర్పులో ఈ గడువు మీ క్లెయిములకూ వర్తిస్తుంది.

అనువాదం చదివి సంతకం పెట్టకండి. ఏ భాషా ప్రతి చెల్లుతుందో కాంట్రాక్టులో చూడండి.

చెప్పాం కదా అనకండి. రాయండి.

ఇది చదువుతున్న ఈ పూట మీ సైటులో ఏదైనా ఆగిపోయి ఉంటే, అది ఏ తేదీన మొదలైందో ఇప్పుడే కనుక్కోండి. నోటీసు సాయంత్రంలోగా వెళ్లాలి.