సివిల్ దావా వాయిదాల్లో ఇరుక్కోకుండా వాది చేసుకోవాల్సిన పనులు

దావాలు ఏళ్ల తరబడి నానడానికి జడ్జీల కొరత పెద్ద కారణమే. అది కక్షిదారు చేతిలో లేదు. కానీ అందని సమన్లు, కట్టని బట్టా (సమన్లు పంపేందుకు కోర్టుకు కట్టే రుసుము), స్టాంపు చాలని కాగితం వల్ల పోయే వాయిదాలు వాది ఆపగలిగినవే. అలా వృథా అయిన గంటలో ఇంకో కేసులో సాక్షిని విచారించి ఉండవచ్చు.

ముందు సమన్ల సంగతి. ప్రతివాది తండ్రి పేరు, పాత, కొత్త డోర్ నంబర్లు, దగ్గరి గుర్తు, పిన్‌కోడ్ ప్లెయింటులోనే (దావా పత్రం) రాయించండి. బట్టా ఆలస్యం చేయకండి. అది కట్టక సమన్లు వెళ్లకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 9 రూల్ 2 కింద దావానే కొట్టేయవచ్చు. సమన్లు అందించే కోర్టు ఉద్యోగి (ప్రాసెస్ సర్వర్)తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపమని కోరండి. కోర్టు అనుమతిస్తే ఆర్డర్ 5 రూల్ 9ఏ కింద వాదే స్వయంగా అందించవచ్చు. కవరు ‘తీసుకోను అన్నారు’ అని తిరిగొస్తే సర్వ్ అయినట్టు నమోదు చేయమని అడగాలి, మళ్లీ పంపమని కాదు. ‘తలుపు తాళం’ అని వస్తే ఏడు రోజుల్లో తాజా సమన్లకు దరఖాస్తు పెట్టండి. మళ్లీ అదే జరిగితే కావాలనే తప్పించుకుంటున్నాడని అఫిడవిట్ వేసి, ఆర్డర్ 5 రూల్ 20 కింద ఇంటికి అంటించడమో పత్రికా ప్రకటనో కోరండి.

రిటన్ స్టేట్‌మెంటుకు (ప్రతివాది రాతపూర్వక జవాబు) గడువు 30 రోజులు, కారణం చూపితే 90. కమర్షియల్ (వ్యాపార వివాదాల) దావాలో 120 దాటితే ఆ హక్కే పోతుంది. మామూలు దావాల్లో 90 దాటినా అరుదుగా సడలించవచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అవతలివారు సమయం అడిగినప్పుడల్లా రాతపూర్వక కారణం, ఖర్చులు కావాలని పట్టుబట్టాలి.

ఎక్కువమందిని ముంచేది స్టాంపు. అమ్మకం అగ్రిమెంటులో ‘స్వాధీనం ఇచ్చాం’ అన్న ఒక్క వాక్యం ఉంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ దానికి సేల్ డీడ్ స్థాయి స్టాంపు పడుతుంది. ఈ అభ్యంతరం దావా వేసిన రోజు రాదు. సాక్షి బోనులో నిలబడి కాగితాన్ని సాక్ష్యంగా మార్క్ చేయించే వేళ వస్తుంది, విచారణ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కోర్టులోనే కట్టి మార్క్ చేయించాలంటే తక్కువపడిన సుంకం, దానికి పది రెట్లు పెనాల్టీ. ముందే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర తేల్చుకుంటే పెనాల్టీ తగ్గించే విచక్షణ ఆయనకు ఉంటుంది. ప్రామిసరీ నోటుకు ఆ దారీ లేదు. స్టాంపు చాలకపోతే ఎంత పెనాల్టీ కట్టినా అది సాక్ష్యంలోకి రాదు. అందుకే నోటు లేకున్నా అసలు అప్పు ఆధారంగానే దావా నిలుస్తుందేమో మొదటే చూసుకోండి.

సాక్ష్యం దశలో చీఫ్ (సాక్షి తన పక్షాన ఇచ్చే వాంగ్మూలం) అఫిడవిట్ రూపంలోనే ఇస్తారు. జడ్జికి తీరిక లేక క్రాస్ (అవతలివారి ఎదురు ప్రశ్నలు) వాయిదా పడుతుంటే, సాక్ష్యం నమోదు చేసేందుకు ఒక లాయరును అడ్వకేట్ కమిషనర్‌గా వేయమని కోరవచ్చు. ఫీజు కట్టాలి గానీ కోర్టు సమయం మిగులుతుంది. ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని ఆర్డర్ 17 చెబుతోంది. లాయరుకు వేరే కోర్టులో పని ఉండటం అందుకు కారణం కాదు. ఆ నియమం మీరు అడిగితేనే అమలవుతుంది.

ప్రతివాది చనిపోతే 90 రోజుల్లో వారసులను చేర్చాలి. దాటితే అతని మీద దావా అబేట్ అవుతుంది (రద్దవుతుంది), దాన్ని తొలగించమని కోరడానికి మరో 60 రోజులే.

ప్రతి వాయిదా తర్వాత ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి, తర్వాతి తేదీ ఎందుకు ఇచ్చారో చూడండి. ‘స్టెప్స్’ (బట్టా కట్టడం వంటి వాది చేయాల్సిన పనులు) అని రెండుసార్లు కనబడితే పని ఆగింది మీ వైపే. అదే రోజు లాయరుకు ఫోన్ చేయండి.

రాజీకి వీలుంటే లోక్ అదాలత్‌కు పంపమనండి. కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు. డిక్రీ దాకా వెళ్తే మాత్రం ఇ.పి. (డిక్రీ అమలు పిటిషన్) కోసం ప్రతివాది ఆస్తుల సర్వే నంబర్లు, హద్దులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దావా నడుస్తుండగానే సేకరించి ఉంచుకోండి. ఇ.పి.ని ఆరు నెలల్లో ముగించాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆస్తి వివరాలు లేని ఇ.పి. మొదటి నెలలోనే ఆగిపోతుంది.